గొంగడీ పట్టుచీరా: ఒకే పదార్థం, రెండు దారులు

సభాధ్యక్షులకు, మగ్గం పని పక్కన పెట్టి ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన చేనేత పెద్దలకు, జౌళి సాంకేతిక విద్య అభ్యసిస్తున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. జంతువుల నుంచి లభించే సహజమైన పోగుల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ పేరుతో ప్రపంచంలోని ఉన్నులన్నిటినీ వరసపెట్టి చెప్పుకుపోవచ్చు: లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ మేక ఇచ్చే పష్మీనా, అంగోరా కుందేలు బొచ్చు, దక్షిణ అమెరికాలోని అల్పాకా ఉన్ని, ఒంటె వెంట్రుక. అవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, మీరు చదువుకున్నారు కూడా. అందువల్ల నేను వాటిని వదిలిపెట్టి, మన ఇళ్లలోనే ఉన్న రెండు వస్తువుల దగ్గర ఆగుతాను. ఒకటి బీరువాలో తెల్లటి ధోవతి గుడ్డలో చుట్టి భద్రపరచిన పట్టుచీర. రెండవది, ఇంకా మిగిలి ఉంటే, అటక మీద దుమ్ము పట్టి ఉన్న తాతల నాటి గొంగడి, అంటే గొర్రె ఉన్నితో నేసిన ముతక కంబళి.

ఈ రెండింటికీ చుట్టరికం ఉందని రసాయన శాస్త్రం చెప్పడానికి చాలా ముందే మన భాష చెప్పింది. ఒళ్లంతా నూగుతో పాకే పురుగును తెలుగువాడు గొంగళిపురుగు అన్నాడు. కొన్ని ప్రాంతాల్లో కంబళిపురుగు అన్నాడు. పట్టుపురుగు కూడా ఆ జాతిదే, చిమ్మటగా మారబోయే గొంగళిపురుగే. అయితే ఎదిగిన పట్టుపురుగు ఒంటి మీద కంటికి ఆనే నూగు ఉండదు. ఆ పురుగు తినే మల్బరీకి మన పాత పేరు కంబళి చెట్టు. అంటే మనం పట్టు అని మురిసిపోయే దారం, భాష లెక్కలో, కంబళి చెట్టు ఆకు తిన్న గొంగళిపురుగు నోటి నుంచి వచ్చింది. ఈ పేర్లు పెట్టినవారికి ప్రోటీన్ అనే మాట తెలియదు. ఒంటిమీద కప్పుకున్న గొర్రె ఉన్నినీ, ఆకు మీద పాకే పురుగునూ ఒక చూపుతో చూడగలిగిన కళ్లు మాత్రం వారికి ఉన్నాయి.

ఇక విషయానికి వస్తాను. పత్తి, జనుము, గోగునార వంటివి మొక్కల నుంచి వచ్చే పోగులు. వాటి సారం సెల్యులోజ్. ఉన్ని, పట్టు జంతువుల నుంచి వచ్చేవి. వాటి సారం ప్రోటీన్. ఉన్నిలోని ప్రోటీన్ పేరు కెరాటిన్, మన జుట్టులో, గోళ్లలో, గొర్రె కొమ్ములో ఉన్నదీ ఇదే. పట్టులోని ప్రోటీన్ పేరు ఫైబ్రోయిన్. ఈ తేడా పరీక్షలో రాసి మరచిపోయేది కాదు, అద్దకం తొట్టి దగ్గరి నుంచి మీ ఇంటి బట్టల సబ్బు వరకూ ప్రతి చోటా పట్టి చూపే తేడా.

నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో పత్తి, ఉన్ని కలిపి నేసిన ఒక గుడ్డ ముక్క ఇచ్చి, అందులో ఏది ఎంత శాతం ఉందో తేల్చమన్నారు. 5 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి మరిగించాలి. ఉన్ని పూర్తిగా కరిగిపోతుంది, పత్తి మిగులుతుంది, మిగిలినదాన్ని కడిగి ఆరబెట్టి తూచాలి. నేను చేసిన పొరపాటేమిటంటే, పక్క బల్ల మీద ఉన్న మంచి ఉన్ని నమూనాను, గుర్తుగా దాచుకోవలసినదాన్ని, అదే బీకరులో వేశాను. పది నిమిషాల తరువాత గాజు కడ్డీకి ఏమీ తగలలేదు. ఒక గుడ్డ నీళ్లలో చక్కెరలా మాయమవడం అప్పటిదాకా నేను చూడలేదు. క్షారం ప్రోటీన్ గొలుసులను తెంపుతుందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని జ్ఞానం ఆ ఖాళీ బీకరు వల్ల వచ్చింది.

ఆమ్లం దగ్గర కథ తిరగబడుతుంది. గొర్రె ముళ్లపొదల్లో మేస్తుంది గనుక దాని ఉన్నిలో పల్లేరు కాయలు, గడ్డి పరకలు, ఎండుటాకులు చిక్కుకుని ఉంటాయి. ఉన్ని మిల్లుల్లో వాటిని చేత్తో ఏరరు. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, ఆరబెట్టి, వేడి చేస్తారు. సెల్యులోజ్‌తో అయిన ఆ చెత్త మాడి బొగ్గు పొడిగా రాలిపోతుంది, కెరాటిన్‌తో అయిన ఉన్ని చెక్కుచెదరకుండా నిలుస్తుంది. పత్తిని నిలబెట్టే క్షారం ఉన్నిని కరిగిస్తుంది. ఉన్ని తట్టుకునే ఆమ్లం పత్తిని మాడుస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే అద్దకం పాఠంలో సగం మీకు చెప్పకుండానే అర్థమవుతుంది.

ఉన్నికీ పట్టుకూ మధ్య కూడా తేడా ఉంది, అది గొలుసుల అమరికలో ఉంది. ఉన్నిలోని ప్రోటీన్ గొలుసులు స్ప్రింగులా మెలితిరిగి ఉంటాయి. వాటి మధ్య గంధకపు వంతెనలు ఉంటాయి. అందుకే ఉన్ని దారాన్ని లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది, నలిగిన ఉన్ని గుడ్డ తనంత తానే సర్దుకుంటుంది. పట్టులోని గొలుసులు మెలితిరగకుండా చాచి, పక్కపక్కనే ఒత్తుగా పేర్చినట్టు ఉంటాయి. అందుకే పట్టు అంత సన్నగా ఉండీ అంత గట్టిది, కాని ఉన్నిలా సాగి తిరిగి రాదు. 1930లలో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో విలియం ఆస్ట్‌బరీ అనే శాస్త్రవేత్త ఉన్ని పోగులను ఎక్స్ కిరణాలతో ఫొటో తీశాడు. మామూలుగా ఉన్నప్పుడు ఒక రకమైన చిత్రం వచ్చింది. తడిపి, బాగా సాగదీసి తీసినప్పుడు వేరే చిత్రం వచ్చింది, ఆ రెండవది పట్టు పోగు ఇచ్చే చిత్రాన్ని పోలి ఉంది. బట్టల మిల్లుల ఊరిలో మొదలైన ఆ పని ప్రోటీన్ల నిర్మాణాన్ని చదవడానికి తొలి దారుల్లో ఒకటయింది. గొర్రె వెంట్రుకను గట్టిగా లాగితే లోపల పట్టు పోలిక బయటపడిందన్న మాట! గొంగళిపురుగుకు పేరు పెట్టినవారు విని ఉంటే ఆశ్చర్యపోయేవారు కారేమో.

ఇప్పుడు గొర్రె దగ్గరకు వెళ్దాం. గొర్రె అనగానే ఉన్ని అనుకుంటాం గాని, తెలుగు నేల మీద ఉన్న గొర్రెలన్నిటికీ ఉన్ని లేదు. నెల్లూరు గొర్రె, మనవాళ్లు పల్ల, జోడిపి, దొర అని రంగును బట్టి పిలిచే పొడుగు కాళ్ల గొర్రె, కురచ వెంట్రుకల గొర్రె. దాని ఒంటి మీద కత్తెర పెట్టినా నేతకు పనికివచ్చేది ఏమీ రాదు. తీరపు ఉక్కపోతకు తగిన ఒళ్లు అది. ఉన్ని ఉన్నది దక్కని గొర్రెకు. తెలంగాణ, రాయలసీమలో కొంత, అవతల కర్ణాటక, మహారాష్ట్ర పీఠభూమి అంతటా మేసే నల్లటి గొర్రె అది. పగలు ఎండ, రాత్రి చలి, మధ్యలో గాలివాన తట్టుకోవలసిన జంతువు గనుక దాని ఉన్ని ముతకది, నిడివి తక్కువది, మధ్య మధ్య బోలు వెంట్రుకలు కలిసినది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా ఒక్కొక్క గొర్రె ఇచ్చేది కిలోకు తక్కువే.

ఆ ఉన్నిని గొర్రెలు కాసే కురుమలు గొంగడిగా మార్చారు. కత్తిరించిన ఉన్నిని ఎండబెట్టి, దులిపి, వింటితో ఏకి, మెత్తగా పొంగిన ఉన్నిని ఆడవాళ్లు రాట్నం మీద వడికేవారు. పడుగు సాగదీసి దానికి చింతగింజల గంజి పట్టించేవారు. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, ఉడికించిన గంజి అది. పత్తి పడుగుకు మనం పట్టించే బియ్యపు గంజి సన్నటి దారానికి సరిపోతుంది. నూగు లేచి ఒకదానికొకటి అంటుకునే ముతక ఉన్ని దారానికి చింతగింజ జిగురు కావాలి. తరువాత గుంట మగ్గం మీద నేత. రంగు వేసే పని లేదు, గొర్రె నలుపే గొంగడి నలుపు. కురుమల జీవితంలో ఈ పోగు ఎంత లోతుకు వెళ్లిందంటే, పెళ్లి కంకణం ఉన్నితో కట్టుకునేవారిని ఉన్ని కంకణం వారని, పత్తితో కట్టుకునేవారిని పత్తి కంకణం వారని వేర్వేరు శాఖలుగా చెప్పుకుంటారు.

గొంగడి వానకు ఎలా ఆగుతుందని విద్యార్థులు తరచుగా అడుగుతారు, ఎందుకంటే ఉన్ని నీటిని పీల్చుకుంటుందని మేమే చెబుతాం, గొల్లకురుమలు వానలో గొంగడి నెత్తిన వేసుకుని తిరుగుతారనీ మేమే చెబుతాం. రెండూ నిజమే. ఉన్ని పోగు పైభాగం చేప పొలుసుల వంటి పొలుసులతో కప్పి ఉంటుంది, ఆ పొలుసుల పై పొర నీటి బొట్టును నిలవనివ్వదు. దానికి తోడు గొర్రె ఒంటి జిడ్డు, అదే లానోలిన్, పూర్తిగా పోకుండా మిగిలి ఉంటుంది. బొట్టు జారిపోతుంది. కాని ఆవిరి రూపంలో ఉన్న తేమ పొలుసుల సందుల నుంచి లోపలికి పోతుంది, ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమను పీల్చుకుని కూడా తాకితే తడిగా అనిపించదు. అంతేకాదు, తేమను పీల్చుకునేటప్పుడు కొంత వేడిని విడుదల చేస్తుంది. పొలంలో మంద పెట్టి, మంచులో పడుకునే కాపరికి ఇంతకు మించిన కప్పు ఏ మిల్లూ నేసి ఇవ్వలేదు. అదే గొంగడి పరుపు, గొడుగు, గింజలు ఆరబోసే చాప, పసిపిల్లల ఉయ్యాల.

మరి ఇంత పనికొచ్చే వస్తువు ఎందుకు కనుమరుగవుతోంది? దక్కని ఉన్ని నాసిరకం గనుక అనే జవాబు పుస్తకాల్లో కనిపిస్తుంది. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. ఉన్ని నాణ్యతను పోగు మందంతో కొలుస్తారు, దానికి కొలమానం మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మేలురకం మెరినో ఉన్ని 20 మైక్రాన్ల లోపు; దక్కని ఉన్ని సాధారణంగా 40 పైమాటే. సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగు కొస చర్మం మీద వంగదు, గుచ్చుకుంటుంది. ఉన్ని దురద పెడుతుందని మనం అనేది దీన్నే. ఒంటికి అంటుకునే స్వెట్టరుకు ఇది దోషం, ఒప్పుకుంటాను. పంచె మీద, చొక్కా మీద కప్పుకుని నేల మీద పరచుకునే గొంగడికి ఇది దోషమెలా అవుతుంది? ముతక పోగు గనుకనే అది ఏళ్ల తరబడి నేలకు రాసుకున్నా అరగదు. స్వెట్టరు కోసం తయారైన కొలబద్దతో గొంగడిని కొలిచి మార్కులు తగ్గించాం. గొంగట్లో భోజనం చేస్తూ వెంట్రుకలు ఏరుకున్నట్టని మనవాళ్లు ఊరికే అనలేదు.

అసలు కారణం మందలో ఉంది. మాంసం ధర పెరిగిన కొద్దీ తొందరగా బరువు పెరిగే నెల్లూరు రకం పోతులను దక్కని మందల్లోకి తెచ్చారు. రెండు మూడు తరాల్లో మంద ఒంటి మీద ఉన్ని పోయి వెంట్రుక మిగిలింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో ఒక్కొక్క కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు 75 శాతం రాయితీతో ఇచ్చారు. అది మాంసం కోసం, ఉపాధి కోసం రూపొందిన పథకం, ఉన్ని దాని లెక్కలో లేదు. కాపరిని తప్పు పట్టను. కత్తిరింపు కూలీ ఉన్ని ధర కంటే ఎక్కువైనప్పుడు, మిగిలిన దక్కని గొర్రెల ఉన్నిని కూడా కత్తిరించి చేను గట్టున పారేయడం తప్ప అతనికి దారి లేదు. పైగా గొంగడి కప్పుకునే పని, అంటే రాత్రంతా బయలు మందలో కాపలా పడుకునే పని, కూడా తగ్గిపోయింది.

పట్టుకు ఈ గతి పట్టలేదు, దానికి పెళ్లి ఉంది. పట్టుచీర లేని తెలుగు పెళ్లి ఏ దేశంలో జరిగినా నేను చూడలేదు. ఈ భరోసా మీదనే హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు నడుస్తోంది, ధర్మవరంలో మగ్గాలు ఆడుతున్నాయి.

పట్టు తయారీ సంగతి రాయలసీమ నుంచి వచ్చినవారికి నేను చెప్పనక్కరలేదు, మిగిలినవారి కోసం చెబుతాను. గుడ్డు పగిలి బయటికి వచ్చినప్పుడు చీమంత ఉండే పురుగు ఇరవై అయిదు రోజులకు అటూ ఇటూగా ఎదుగుతుంది. ఆ మధ్యలో నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తి కదలకుండా ఉండి, కుబుసం విడుస్తుంది. దీన్ని రైతులు పురుగు జ్వరానికి కూర్చోవడం అంటారు. నాలుగవ జ్వరం లేచిన తరువాత పగలూ రాత్రీ ఆకు నమిలే ఆ పురుగుల షెడ్డులో చెవి పెట్టి వింటే సన్నటి వాన కురుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. పండిన పురుగులను ఏరి చంద్రికల మీద, అంటే గూళ్లు కట్టుకునే తట్టల మీద, వేస్తారు. పురుగు తన తలను ఎనిమిది అంకె ఆకారంలో ఊపుతూ, రెండు గ్రంథుల నుంచి వచ్చే రెండు సన్నటి పోగులను సెరిసిన్ అనే జిగురుతో ఒకటిగా అతికి, రెండు మూడు రోజుల్లో గూడు కట్టుకుంటుంది. ఒక్కొక్క గూటిలో తెగని పోగు వందల మీటర్లు, మంచి రకాల్లో వెయ్యి మీటర్లు దాటి ఉంటుంది. ప్రకృతిలో దొరికే పోగుల్లో ఇంత పొడుగు మరి దేనికీ లేదు. పత్తి పోగు అంగుళం చుట్టుపక్కల, ఉన్ని కొన్ని అంగుళాలు. పత్తినీ ఉన్నినీ వడకాలి. పట్టును వడకనక్కరలేదు, వేడి నీటిలో గూళ్లను వేసి కొస దొరకబుచ్చుకుని, కొన్ని గూళ్ల పోగులను కలిపి తీస్తే చాలు. కిలో దారానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల గూళ్లు పడతాయి.

మగ్గం దగ్గరకు రాకముందు ఆ దారాన్ని సబ్బు, సోడా కలిపిన నీటిలో ఉడికిస్తారు. బరువులో దాదాపు నాలుగవ వంతు ఉన్న సెరిసిన్ అప్పుడు పోతుంది. ముడి పట్టు గరుకుదనం పోయి మెరుపు బయటపడుతుంది. ఆ మెరుపు ఎక్కడిదంటే, పోగును అడ్డంగా కోస్తే గుండ్రంగా కాక మూడు పలకలుగా ఉంటుంది, పలకల మీద పడిన వెలుగు అద్దం మీద పడినట్టు తిరిగి వస్తుంది. సోడా పాలు ఎక్కువైనా, ఉడుకు ఎక్కువసేపయినా జిగురుతో పాటు పట్టు కూడా దెబ్బతింటుంది. నా బీకరు కథ ఇక్కడ గుర్తు చేసుకోండి.

పురుగు చిమ్మటగా మారి బయటికి వస్తే గూటికి చిల్లు పడుతుంది, పోగు తెగుతుంది. అందుకే లోపల పురుగు ఉండగానే ఆవిరితో, వేడితో చంపుతారు. దీన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. హైదరాబాదులో చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు చిమ్మట బయటికి వచ్చిన తరువాత మిగిలిన గూళ్లను వడికి నేయించి అహింసా పట్టును ప్రచారంలోకి తెచ్చారు. అలా వడికిన దారానికి గూటి నుంచి తెగకుండా తీసిన దారపు నిగనిగ రాదు, ధర కూడా ఎక్కువే, కాని కొనేవారు ఉన్నారు. ఆముదపు ఆకు తినే ఎరి పురుగు గూటికి ఒక కొస తెరిచే ఉంటుంది, దాన్ని వడకడమే పద్ధతి. ఆముదం మనకు కొత్త పంట కాదు గనుక, ఎరి మీద ఇంకా శ్రద్ధ పెట్టవలసిందని నా అభిప్రాయం. ఇక తెలంగాణలోని మహదేవపూర్ అడవుల వైపు మద్దిచెట్ల మీద ఆరుబయట పెరిగే దసలి (టస్సర్) పట్టుపురుగు ఉంది. దాని కాయ రాయిలా గట్టిది, జిగురు అంత తేలికగా వదలదు, దారం తేనె రంగుది. కాకుల నుంచి, చీమల నుంచి, పురుగును చెట్టు మీద కాపాడుకోవడం గొర్రెల కాపలా కంటే తక్కువ పని కాదు.

పత్తినీ పట్టునూ ఒకే వస్త్రంలో కూర్చడంలోని కష్టం గద్వాల నేతగాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకు వేసే రంగులు చాలావరకు క్షారపు తొట్టిలో పట్టుకుంటాయి. పట్టుకు వేసే ఆమ్ల రంగులు కొద్దిపాటి పులుపు ఉన్న తొట్టిలో పట్టుకుంటాయి. నేసిన చీరను తీసుకెళ్లి ఒకే తొట్టిలో ముంచే వీలు లేదు. అందుకే దారం ఇంకా చిలపలుగా, అంటే చుట్టలుగా, ఉన్నప్పుడే దేనికది వేర్వేరుగా అద్ది, మగ్గం మీద ఒళ్లూ అంచూ కలిసే చోట పేకను పేకతో ముడివేసి నేస్తారు. హైదరాబాదు నవాబుల కాలంలో వాడుకలో ఉన్న మష్రూ గుడ్డది వేరే సర్దుబాటు: మగవారి ఒంటికి పట్టు తగలరాదన్న ఇస్లాం మత నియమం ఉన్నందున, లోపలి వైపు నూలు, పైవైపు పట్టు మెరుపు వచ్చేలా నేశారు. మన మడి ఆచారంలో ఇందుకు తలకిందుల లెక్క ఉంది. పట్టు, ధావళి, అంటే పురుగు నుంచి వచ్చినదీ గొర్రె నుంచి వచ్చినదీ, మడికి పనికివస్తాయి. శాకాహారమైన పత్తిని మాత్రం ప్రతిసారీ తడిపి ఆరవేయాలి! జంతు పోగులు చెమట వాసనను, మరకను పత్తి అంత తొందరగా పట్టుకోకపోవడం ఆ ఆచారం వెనుక ఉండి ఉంటుందని నా ఊహ.

చివరగా గృహిణుల కోసం, ఇంట్లో బట్టలుతికే మగవారి కోసం కూడా, రెండు మాటలు. బట్టల పొడి చాలావరకు క్షారం. కొన్నింటిలో ప్రోటీన్ మరకలను కరిగించే ఎంజైములు కలుపుతారు. పప్పుచారు మరకలో ఉన్న ప్రోటీన్‌కూ మీ చీరలోని ప్రోటీన్‌కూ తేడా ఆ ఎంజైముకు తెలియదు. కుంకుడుకాయ రసం పట్టుకూ ఉన్నికీ నేటికీ మంచిది. ఉన్నిని వేడి నీళ్లలో వేసి నలపవద్దు, పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ కుంచించుకుపోతుంది, మళ్లీ సాగదు. పట్టును ఎండలో ఆరవేయవద్దు, పసుపు తేలుతుంది, పోగు పెళుసవుతుంది. కెరాటిన్‌ను జీర్ణం చేసుకోగల కొద్ది జీవుల్లో ఉన్నిని తినే చిమ్మట పురుగు ఒకటి. అది కూడా ఒక గొంగళిపురుగే. ఒక గొంగళిపురుగు పట్టు నేస్తుంది, మరొకటి గొంగడి తింటుంది.

ఈ బల్ల మీద మూడు దారపు ముక్కలు, ఒక కొవ్వొత్తి, ఒక పటకారు పెట్టించాను. ఒకటి అమ్మేవారు పట్టు అని చెప్పినది, ఒకటి ధర్మవరం మగ్గం మీద మిగిలినది, ఒకటి గొంగడి అంచు నుంచి లాగినది. ఒక్కొక్కరే వచ్చి కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మంట నుంచి తీయగానే ఆరిపోయి, నల్లటి పూస వేళ్ల మధ్య పొడి అయితే అది జంతువు పోగు. కరిగి బొట్టుగా జారి, చల్లారాక గట్టిపడి నలగకపోతే అది పాలిస్టరు. బొట్టు చేతి మీద పడనివ్వకండి. మీ చీర కొంగులోంచి దారం లాగి తెచ్చినవారు ఉంటే ముందు వారికి అవకాశం ఇవ్వమని నిర్వాహకులను కోరుతున్నాను.